ఓంకార్ గాలి

ముందు మండపం దొరికింది, ఆ తరవాత ముహూర్తం వెతకడం మొదలుపెట్టారు. బిలాస్‌పూర్ తెలుగువాళ్ల ఇళ్లలో చాలా పెళ్లిళ్లు ఇలాగే కుదురుతాయి, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. లింగియాడీహ్ దగ్గర కొత్తగా కట్టిన ఏసీ మండపం జూన్ మొత్తంలో ఒక్క ఆదివారమే ఖాళీగా ఉంది. ఆ ఆదివారం గ్రహాలన్నీ అనుకూలంగా ఉన్నాయని చెప్పడానికి తోర్వా నుంచి సుబ్బరామయ్య పంతులు గారు స్కూటరు మీద రావాలి. ఆయన బోద్రీ కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఏ తేదీ కావాలన్నా ఇప్పించగలడని పేరు.

పెళ్లికూతురు శ్రీనిధికి మాత్రం ఆ పొద్దుట పెళ్లి గురించి ఆలోచించే తీరిక లేదు. రైల్వే క్వార్టర్ ముందుగదిలో, ఫ్రిజ్‌కీ కూలర్‌కీ మధ్య ఇరికించిన బల్ల మీద ఆమె ల్యాప్‌టాప్ ఉంటుంది. అదే ఆమె ఆఫీసు. కుర్చీకి ఆనుకుని వెనకాల మడతమంచం, మంచం మీద మేనమామ శంకరరావు. ముహూర్తం పెట్టించడానికి విశాఖపట్నం నుంచి దిగినప్పటి నుంచీ ఆయన ఆ మంచం దిగింది తక్కువ. ఆయన కాళ్లు ముడుచుకుంటే తప్ప శ్రీనిధి కుర్చీలోంచి బయటపడలేదు. మంచినీళ్లకి వెళ్లాలన్నా "మావయ్యా, కాళ్లు" అని అడగాలి. ఆయన నవ్వుతూ ముడుచుకుంటాడు, ఆమె తిరిగొచ్చి కూర్చోగానే మళ్లీ చాపుకుంటాడు.

ఉత్త మేనమామే అయితే ఏదో ఒకటి అనేసేది. ఆయన ఆమెకి యజమాని కూడా. విశాఖలో ఆయనకి చిన్న కన్సల్టెన్సీ ఉంది, వంతెనల లెక్కలు చేసిపెడతారు. శ్రీనిధి ఇంట్లో కూర్చునే ఆ ఉద్యోగం చేస్తోంది. ఇక వచ్చే నెల నుంచి ఆయన మామగారవుతాడు, ఎందుకంటే పెళ్లికొడుకు ఓంకార్ ఆయన కొడుకే. ఆఫీసులో కాదంటే ఇంట్లో కాదన్నట్టే, ఇంట్లో కాదంటే పెళ్లి కాదన్నట్టే. మూడు తలుపులకీ ఒకటే తాళం వేసి, చెవి ఆయన దగ్గరే పెట్టుకున్నాడు.

ఆయన చెడ్డవాడైనా బాగుండేది. "ఆడపిల్లకి వంతెనల చదువేటి" అని చుట్టాలంతా మూతి విరిచినప్పుడు ఎంటెక్ దరఖాస్తు తనే పట్టుకొచ్చాడు. ఎంట్రన్స్ పరీక్ష రోజు హాలు బయట గొడుగైనా లేకుండా ఎండలో కూర్చున్నాడు. బయటికొచ్చేసరికి ఆయన మొహం కందగడ్డలా ఉంది. ఆ మొహాన్ని శ్రీనిధి ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆమె పని గాలి పుట్టించడం. తల్లి కనకమహాలక్ష్మి పక్క క్వార్టర్ వాళ్లకి "మా అమ్మాయి కంప్యూటర్లో గాలి చేస్తాది" అని చెపితే వాళ్లు ఫ్యాన్ల కంపెనీలో ఉద్యోగమనుకున్నారు. నిజానికి అర్థం కానంత సంగతేమీ కాదు. పొడుగు వంతెన మీదికి గాలి ఒక్క తోపుగా రాదు. చిన్నా పెద్దా సుడులన్నీ కలిసి, ఒకచోట గట్టిగా, ఇంకోచోట మెత్తగా, తెరలు తెరలుగా వస్తుంది. వంతెనకి తనదంటూ ఒక ఊపు ఉంటుంది. ఉయ్యాల వెనక్కి వచ్చినప్పుడల్లా సరిగ్గా తోస్తే ఎలా అందుకుంటుందో, తన ఊపుకి కుదిరిన సుడుల్ని వంతెన అలాగే అందుకుని ఊగుతుంది. ఎంత ఊగుతుందో ముందే తెలియాలి కాబట్టి కంప్యూటర్లో ఒక దొంగ గాలిని పుట్టించి దొంగ వంతెన మీదికి వదులుతారు.

ప్రతి గాలీ ఏదో ఒక అంకెతో మొదలవుతుంది. దాన్ని సీడ్ అంటారు. అంకె మారిస్తే గాలి మారుతుంది. పాత అంకె ఇస్తే పాత గాలే పొల్లు పోకుండా తిరిగొస్తుంది. అసలు గాలి ఏ అంకెతో వస్తుందో ఏ ఇంజనీరుకీ తెలియదు. అందుకే చాలా అంకెలు వేసి, చాలా గాలులు వదిలి, అన్నిటినీ కలిపి చూసి గానీ మాట ఇవ్వకూడదు.

శంకరరావు ఆఫీసులో ఒక ఆచారం ఉంది. ఏ వంతెన పని మొదలైనా కంప్యూటర్‌కి బొట్టు పెట్టి, మొదటి గాలికి ఓంకార్ పుట్టినతేదీ అంకెగా కొడతారు. ఆఫీసులో అందరూ దాన్ని ఓంకార్ గాలి అంటారు. ఇందులో తప్పేమీ లేదు, ఏదో ఒక అంకె వెయ్యాల్సిందే కదా. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, ఈసారి ఓంకార్ గాలి ఒక్కటే మెత్తగా వచ్చింది.

కొండల మధ్య పెద్ద నది మీద కడుతున్న తీగల వంతెన అది. రెండు ఒడ్ల నుంచీ వంతెనని రెండు చేతుల్లా చాచుకుంటూ వస్తున్నారు, నడిమధ్య కలవాలి. కలిసిన వంతెన కన్నా కలవని చెయ్యి ఎక్కువ ఊగుతుంది. ఆ చేతి చివర మనుషులు నిలబడి పని చేస్తారు. గాలి వేగం ఎంత దాటితే వాళ్లని దింపెయ్యాలన్నది శ్రీనిధి తేల్చాలి. ఓంకార్ గాలి ప్రకారం గంటకి యాభై కిలోమీటర్ల దాకా ఫరవాలేదు. మిగతా గాలులన్నీ ముప్పై అయిదు దాటితే అక్కడ మనిషి కాలు నిలవదంటున్నాయి. అక్కడి సైటు ఇంజనీరు మరెవరో కాదు, ఓంకారే.

"ఏటి, అయిపోయిందేటమ్మా?" వెనకనుంచి శంకరరావు అడిగాడు.

"మిగతా గాలుల్లో చాలా ఊగుతున్నాది మావయ్యా."

"అచ్ఛా. మనోడి గాల్లో?"

"బావ గాల్లో బాగానే ఉంది. అదొక్కటే."

"ఒక్కటి చాల్దేటి? రిపోర్టులో అదే పెట్టీ. వాడి గాలి మనకెప్పుడూ కలిసొచ్చింది."

"మరి మిగతావి?"

శంకరరావు లేచి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "చూడమ్మా. ముప్పై అయిదంటే ఈ ఎండాకాలం మధ్యాన్నం దాటిందంటే రోజూ పనాపాలి. వానలొచ్చీలోగా చేతులు కలవవు. ఆ వంతెన కంపెనీ మేనేజరు పొద్దున్నుంచి నా ప్రాణం తోడేస్తన్నాడు. మనం ఇవ్వకపోతే ఇంకోడి దగ్గరికి ఎల్తాడు. ఆ ఇంకోడు యాభై అనే ఇస్తాడు. అంటే, వంతెన ఎలాగూ అలగే కడతారు. మన ఆఫీసుకి మాత్రం తాళం పడతాది."

"చివర బావ నిలబడతాడు మావయ్యా."

"నా కొడుకు సంగతి నాకు తెలీదేటి?" అన్నాడాయన, కోపంగా కాదు, బుజ్జగిస్తున్నట్టే. "పంతులు గారొచ్చీలోగా పంపించీ. చీర కట్టుకోడానికి నీకూ టైముంటాది."

మళ్లీ పడుకుని కాళ్లు చాపుకున్నాడు. మంచం కోడు కుర్చీని తోసింది, శ్రీనిధి మోకాళ్లు బల్లకి గుచ్చుకున్నాయి.

కాసేపాగి "మావయ్యా, కాళ్లు" అని అడిగి వంటింట్లోకి వెళ్లింది. కనకమహాలక్ష్మి పంతులు గారి కోసం బూరెలు వేయిస్తోంది. కూతురు చెప్పిందంతా మూకుట్లో చూస్తూనే విని, "అన్నయ్యకి ఎదురు చెప్పీసేవేటే?" అంది.

"ఇంకా లేదు."

"చెప్పకు. అమ్మా నాన్నా పోయినప్పుడు నాకు జడెయ్యడం కూడా ఆయనే నేర్చుకున్నాడు. ఆయన మాటకి అడ్డం చెప్పిన రోజు లేదు ఈ ఇంట్లో. పెళ్లవనీ. అప్పుడు నువ్వూ బావా కూచుని మెల్లిగా చెప్పుకోండి."

"పెళ్లయ్యేదాకా అక్కడ రోజూ మనుషులు నిలబడతారమ్మా."

"నువ్వు చెప్పీదంతా కంప్యూటర్లోనే కదే" అంది తల్లి, బూరె తిరగేస్తూ. ఆ మాటకి జవాబు వంటింట్లో చెప్పేది కాదు. శ్రీనిధి పెరటి తలుపు తీసింది.

పెరట్లో తండ్రి రమణమూర్తి డ్యూటీ దిగొచ్చి నీళ్ల డ్రమ్ము దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. గూడ్సు బళ్లు నడుపుతాడు. కూతురు పక్కన నిలబడింది.

"నాన్నా, కాషన్ ఆర్డర్‌లో ముప్పై అని ఉంటే నువ్వు యాభైకి పోతావా?"

పట్టాలు బాగులేని చోట ఎంత వేగం మించకూడదో రాసి ఇచ్చే కాగితం అది. రమణమూర్తి అది చూడకుండా ఏ రోజూ బండి కదపలేదు. "పోతే ఉద్యోగం ఉంటాదేటి?"

"అదే కాగితంలో యాభై అని ఉండి, నీకు అనుమానమొచ్చి ముప్పైకే పోయేవనుకో?"

"లేటెందుకయ్యిందని అడుగుతారు. నాకు అనుమానమొచ్చిందంటే ఎవడింటాడు? కాగితం రాసినోడికి రాని అనుమానం నీకెందుకొచ్చిందంటారు." తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కూతురి వంక చూశాడు. ఏదో తట్టినట్టుంది. ముందుగదివైపు ఓసారి చూసి, "మీ మావయ్యకి తెలీకుండా ఉంటాదేటమ్మా" అని లోపలికి వెళ్లి పడుకున్నాడు. ఆయన నిద్రపోలేదని తలుపు దగ్గర నిలబడిన శ్రీనిధికి తెలుసు.

ఓంకార్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. పైకెక్కేవాళ్లు ఫోన్లు ఒడ్డున షెడ్డులో వదిలిపెట్టాలి, మళ్లీ భోజనానికి దిగాకే అందుకుంటారు. చిన్నప్పుడు ఇదే పెరట్లో గాలిపటం తెగిందని ఏడ్చినవాడు ఇప్పుడు నది మీద గాలిలో నిలబడి ఉన్నాడు. అతనితోపాటు ఎర్రయ్య గ్యాంగు ఉంటుంది. పలాస వైపువాళ్లు, ఎక్కడ వంతెన కట్టినా వాళ్లే కనిపిస్తారు. ఎర్రయ్య కోడికూర ఎలా వండుతాడో ఓంకార్ ఫోన్లో గంటసేపు చెపుతాడు. శ్రీనిధికి ఆ గ్యాంగులో ఒక్కరి మొహమూ తెలియదు, గొంతులు మాత్రం తెలుసు.

వెళ్లడానికి మరో చోటు లేక మళ్లీ కుర్చీలోకే వచ్చి పడింది. రిపోర్టు తెరిచింది. ఓంకార్ గాలి ఒక్కటీ పెట్టి చూసింది. చక్కగా ఉంది. యాభై. తప్పని ఎవరూ పట్టుకోలేరు కూడా, ఎందుకంటే అందులో అబద్ధమేమీ లేదు. ఆ గాలి వస్తే వంతెన అంతే ఊగుతుంది. మిగతా గాలులు రాకుండా చూసుకోవాలంతే. ఆ మాట తనకి తానే చెప్పుకుని నవ్వబోయి, ల్యాప్‌టాప్ మూత సగం దించింది.

భోజనాల వేళకి శంకరరావు ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. అప్పుడే కరెంటు పోయింది. కిటికీలో కూలర్ మోత ఆగిపోయింది. అటువైపు నిలబడ్డ మనిషి మాట చెవిలో చెప్పినట్టు వినిపించింది.

"అరే, ఈ నాల్రోజులూ మధ్యాన్నం పూట చివరికి ఎల్లకురా. ఏదో ఒకటి చెప్పి ఒడ్డుమీదే ఉండు. కడుపునొప్పని చెప్పీ." కొంచెంసేపు విన్నాడు. "ఎర్రయ్యోళ్లు చూసుకుంటారులే, ఆళ్లకలవాటే. ఎందుకేటి, పెళ్లికొడుకువి గనక. లేదు, అమ్మాయేటీ అన్లేదు. నువ్వూ దానికేటీ చెప్పకు."

శ్రీనిధి కదలకుండా కూర్చుంది. ఇప్పటిదాకా మావయ్య మిగతా గాలుల్ని నమ్మడం లేదనుకుంది. నమ్మని మనిషితో వాదించొచ్చు, లెక్క చూపించొచ్చు. ఆయన నమ్మాడు. కొడుకుని ఒడ్డుకి రప్పించేంత గట్టిగా నమ్మాడు. ఆమెకి కోపం వచ్చింది, కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది. పరీక్ష హాలు బయట ఎండలో కూర్చున్న మనిషీ ఈయనా వేరువేరు అయితే ఎంత బాగుండేదో.

కన్నీళ్లు తుడుచుకుని, రిపోర్టులో గాలులన్నీ పెట్టింది. ఓంకార్ గాలిని కూడా దాని వరసలో దాన్ని ఉంచింది. పని ఆపాల్సిన వేగం దగ్గర ముప్పై అయిదు అని రాసింది. లెక్క చేసినవారు అన్నచోట తన పేరు రాసింది. ఆఫీసు తరఫున పంపే హక్కు మావయ్యే ఇచ్చాడు, ఇంట్లో మనిషి కదా అని. ఫోన్ నెట్ మీదే, మేనేజరుకీ, లెక్కలు సరిచూసే బయటి ఇంజనీర్లకీ ఒకేసారి పంపించేసింది. పెళ్లి, ఉద్యోగం, అమ్మకి అన్నయ్య, అన్నీ ఆ ఒక్క నొక్కుతో వెళ్లిపోయినట్టనిపించింది.

కరెంటు వచ్చింది. కూలర్ మోత మొదలైంది. శంకరరావు లోపలికొచ్చి మంచం మీద వాలాడు.

"పంపించీసేవా?"

"పంపించీసేను."

"శభాష్. నా కోడలు బంగారం" అని కాళ్లు చాపుకున్నాడు. కాసేపటికి గురక మొదలైంది. శ్రీనిధి ఆ గురకకీ బల్లకీ మధ్య సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. కాళ్లు ముడుచుకోమని అడగడానికి నోరు రాలేదు. స్టేషన్లో బళ్ల పేర్లు ఒక్కొక్కటే మైకులో వినిపిస్తున్నాయి. ఆ పేర్లలో ఒక్కటీ తనని తీసుకుపోయేది కాదు.

ఎండ తగ్గాక సుబ్బరామయ్య పంతులు గారు వచ్చారు. బూరెలు తిన్నారు. మంచం మీద శంకరరావు పక్కనే కూర్చుని పంచాంగం విప్పారు. తల్లి గుమ్మంలో, తండ్రి ఫ్రిజ్ పక్కన నిలబడ్డారు. శ్రీనిధి చీర కట్టుకోలేదేమని ఎవరూ అడగలేదు.

"ఆ ఆదివారం ఉన్నాదే, అది వెతికినా దొరికే రోజు కాదండీ" అన్నారు పంతులు గారు. "లగ్నం చూడండి ఎంత బలంగా ఉన్నాదో. మండపం వాళ్లకి కూడా తెలీకుండా మంచిరోజు వదిలీసేరు."

శంకరరావు నవ్వబోతుండగా ఆయన ఫోన్ మోగింది. ఎత్తాడు. అవతల మేనేజరు గొంతు హిందీలో గదంతా వినిపించేంతగా అరిచింది. శంకరరావు "హా జీ, హా జీ" అంటూ విన్నాడు. ఫోన్ పెట్టేసి మంచం మీద బోర్లించాడు.

"ఏ గాలి పంపించేవు?" అన్నాడు.

"అన్నీ."

"నేను చెప్పింది?"

"అదీ ఉంది మావయ్యా. వాటితోపాటే ఉంది."

శంకరరావు మేనకోడలి మొహం చూడలేదు. పంతులు గారి వైపు తిరిగాడు. "ఆ ఆదివారం వద్దులెండి. ఇప్పట్లో ఏదీ వద్దు. కార్తీకం దాటాక చూద్దాం."

"అన్నయ్యా" అంది కనకమహాలక్ష్మి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పంతులు గారు ఒక్క క్షణం తడబడి, వేలికి తడి చేసుకుని పేజీ తిప్పారు. "నేనూ అదే చెప్దామనుకుంటన్నాను. సరిగ్గా చూస్తే ఆ రోజు లగ్నానికి ఓ దోషముంది. కార్తీకం దాటాకే శ్రేష్ఠం." ఆయన మొహంలో చిన్న ఇబ్బంది కూడా లేదు. పొద్దుట తను పెట్టి చూసిన ఒంటిగాలి రిపోర్టు శ్రీనిధికి గుర్తొచ్చింది. ఆయన్ని చూస్తే కోపం రాలేదు, భయమేసింది.

ఈసారి ఆమె ఫోన్ మోగింది. ఓంకార్. అందరూ దాన్నే చూస్తున్నారు. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు గనక, అందరికీ వినిపించేలా పెట్టి బల్ల మీద ఉంచింది.

"శ్రీనిధీ, అందర్నీ దింపీసేరు" అన్నాడు ఓంకార్. వెనకాల గాలి హోరు, రేకులు కొట్టుకుంటున్న చప్పుడు. "ముప్పై అయిదు దాటితే పనాపమని కాగితమొచ్చింది. ఇప్పుడు నలభై మీదే ఉన్నాది. మేనేజరు గెంతుతున్నాడు, అయినా సరిచూసే వాళ్లక్కూడా పోయింది కదా, ఏటీ చెయ్యలేడు. నాకు భయం తీరింది. నాన్న మధ్యాన్నం నన్నొక్కడినీ ఒడ్డుకి వచ్చీమన్నారు. ఎర్రయ్యోళ్లని వదిలీసి ఎలా వస్తాను? వాళ్లతోపాటు చివరే ఉన్నాను ఇందాకటిదాకా."

రమణమూర్తి తల తిప్పి శంకరరావుని చూశాడు. కనకమహాలక్ష్మి కూడా చూసింది. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యని ఆమె అలా చూడడం అదే మొదలు.

"ఎర్రయ్య అడుగుతున్నాడు, ఈ కాగితం ఎవరు పంపేరని" అన్నాడు ఓంకార్. "నీ పేరు చెప్పీనా?"

శ్రీనిధి మావయ్య వంక చూసింది. ఆయన నేలనే చూస్తున్నాడు. ఎండలో కూర్చున్న రోజున్నట్టే మొహం కందిపోయింది.

"మీ నాన్నగారి ఆఫీసు నుంచి వచ్చిందని చెప్పు బావా. ఆయన పేరే చెప్పు."

ఓంకార్ అవతలికి తిరిగి కేకేసి చెప్పాడు. గాలిలోంచి ఒక పెద్దవయసు గొంతు తెగి తెగి వినిపించింది. "శంకర్రావు బాబు సల్లగుండాల. ఆ బాబు పిల్లలు సల్లగుండాల."

ఫోన్ ఆగిపోయింది. పంతులు గారు శంకరరావు మొహం చూశారు, పంచాంగం చూశారు, ఎందుకైనా మంచిదని ఒక కాగితం మీద ఆ ఆదివారాన్నీ, కార్తీకం దాటాక ఒక రోజునీ రాసుకున్నారు.

శంకరరావు ఎవరూ అడక్కుండానే కాళ్లు ముడుచుకున్నాడు. దారి వదిలాడు. శ్రీనిధి లేచి నిలబడింది. ఇంట్లో వెళ్లడానికి వంటిల్లు తప్ప మరో చోటు లేదు. వెళ్లి అందరికీ టీ పెట్టింది.